పాలు పోసిన చేయి, పాడి నిచ్చిన చేయి

సంపన్న దేశములు బీద దేశములకు పంపు మందులను గూర్చియు, ఆ మందుల వెంట నడచు రాజకీయములను గూర్చియు స్త్రీల పత్రికలో వ్రాయనేల యని కొంద ఱడుగవచ్చును. ఆ మందులలో పెక్కులు గర్భిణులును, బాలింతలును, చంటిబిడ్డలును సేవించునవి. వానిని తయారుచేయువారిలో మన తెలుగువారును గలరు. వానిని నిలిపివేసినపుడు మొదట దుఃఖించునది తల్లియే. కావున నీ విషయము మన వంటయింటికి దూరమైనది కాదని నా మనవి.

నా చిన్నతనమున మా అమ్మమ్మగారి గ్రామములో జరిగిన యొక సంగతితో నారంభించెదను. ఆ వీధిలో భర్తను గోల్పోయిన యొక పేదరాలు ఆఱు నెలల శిశువుతో అన్న పంచను జేరియుండెను. ఆమెకు పాలు చాలవు. ఎదురింటి భాగ్యవంతురాలు జాలిగొని ప్రతిదినము వేకువజామున చెంబెడు పాలు పంపుచుండెను. ఊరివారందఱు ఆ యిల్లాలిని కొనియాడిరి. ఆ స్తుతికి ఆమె తగినదే. ఆ శిశువు బ్రతికినది ఆ పాలవలననే. ఇట్లు కొన్ని నెలలు గడచెను. ఆ వేసవిలో పేదరాలి యన్నకును, ఎదురింటి యజమానికిని గోడ హద్దును గూర్చి తగవు పుట్టెను. మఱునాడు పాల చెంబు రాలేదు. తగవు గోడది, ఆకలి శిశువుది.

మా అమ్మమ్మ మూడు దినములు తానే పాలు పంపెను. నాలవనాడు దూడతోగూడ నొక బఱ్ఱెను ఆ యింటికి తోలించి, పాలమ్మగా వచ్చిన సొమ్ముతో వీలునుబట్టి కొంచెము కొంచెముగా దాని వెల తీర్చుకొమ్మని చెప్పించెను. "అమ్మమ్మా, నీవు రోజును పాలే పంపరాదా?" యని నే నడిగితిని. ఆమె నవ్వి, "ఓసి పిచ్చిదానా! రేపు నాకు మాత్రము కోపము రాదా?" యనెను.

ఆ మాటలోని యర్థము నాకు చాలకాలము పూర్తిగా బోధపడలేదు. 2025వ సంవత్సరారంభమున వార్తాపత్రికలలో నొక సమాచారము చదివినప్పు డది నాకు మరల జ్ఞప్తికి వచ్చినది. మా వీధిలో నొక తల్లి కుమారుడు హైదరాబాదు సమీపమున నొక మందుల కర్మాగారములో పని చేయుచున్నాడు. తాము పెట్టెలలో నింపు మాత్రలు ఓడలెక్కి ఆఫ్రికాఖండమునకు పోవుననియు, అవి ఎయిడ్సు రోగము రాకుండ ప్రాణములను కాపాడుననియు అతడు పండుగకు వచ్చినపుడు చెప్పుచుండును. ఆ మాత్రల కథయే నేడు మీకు చెప్పదలచినది.

ఈ వ్యాధికి మూలమైన హెచ్.ఐ.వి. యను సూక్ష్మక్రిమి రక్తమున జేరి, దేహమునకు సహజమైన రక్షణశక్తిని మెల్లమెల్లగా హరించును. దానిని నిర్మూలించి రోగిని పూర్తిగా స్వస్థునిగ జేయు మందు సామాన్యజనులకు ఇంకను లభింపలేదు. కాని అణచి యుంచు మందులు గలవు. మూడు మందులను కలిపి సేవించినచో రోగి అందఱివలెనే జీవింపగలడని 1996 ప్రాంతమున వైద్యులు కనుగొనిరి. అయితే ఆ మందును ప్రతిదినము, జీవితాంతము సేవింపవలెను. నడుమ మానినచో క్రిమి తిరిగి విజృంభించును. గర్భిణికి ఈ క్రిమి యున్నప్పుడు చికిత్స లేనిచో నూటికి 15 మొదలు 45 మంది వఱకు శిశువులకు అది సంక్రమించును. చికిత్స సరిగా నందినచో ఆ సంఖ్య నూటికి అయిదుకు లోబడును. ఒక తల్లి ప్రతిదినము మ్రింగు చిన్న మాత్ర ఆమెను, ఆమె కడుపులోని బిడ్డను గూడ కాపాడుచున్నదన్నమాట.

మందు కనుగొనబడినంతనే లోకమునకు మేలు కలుగలేదు. ఒక రోగికి ఏడాదికి పదివేల డాలర్లకు మించి వెల యుండెను. మందుపై కనుగొన్న సంస్థకు మాత్రమే హక్కు నిచ్చు పేటెంటు చట్టములే అంత వెలకు ముఖ్యకారణము. ధనిక దేశములలో రోగులు లేచి నడచుచుండగా, ఆఫ్రికాలో గ్రామములకు గ్రామములు శ్మశానములగుచుండెను. చౌకమందులను తెప్పించుకొనుటకు వీలుగా దక్షిణాఫ్రికా 1997లో నొక చట్టము చేయగా, 39 మందుల సంస్థలు ఆ ప్రభుత్వముపై వ్యాజ్యము నడిపినవి. అమెరికా ప్రభుత్వము కూడ మొదట ఆ సంస్థల పక్షమే వహించి ఒత్తిడి కలిగించెను. లోకమంతయు ఛీయనగా 2001 ఏప్రిలులో ఆ సంస్థలు వ్యాజ్యము నుపసంహరించుకొనినవి.

ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో మన బొంబాయిలోని సిప్లా సంస్థాధిపతి యూసఫ్ హమీదు మూడు మందుల చికిత్సను, సరిహద్దులు లేని వైద్యుల సంఘమునకు ఏడాదికి 350 డాలర్లకే, అనగా దినమునకు డాలరు కంటె తక్కువకే, ఇచ్చెదనని ప్రకటించెను. ఇది యెట్లు సాధ్యమైనది? మన దేశము 1970లో చేసికొన్న పేటెంటు చట్టము మందునకు కాక, మందును చేయు పద్ధతికి మాత్రమే హక్కు నిచ్చెను. వేఱొక పద్ధతిని కనుగొన్నవారు అదే మందును చేసి చౌకగా అమ్మవచ్చును. 2005లో అంతర్జాతీయ వాణిజ్య నిబంధనల ననుసరించి ఆ చట్టము మార్పబడినది గాని, ఆ మూడు దశాబ్దములలో మనవారు నేర్చిన విద్య మనకు మిగిలినది. హైదరాబాదులోని హెటెరో, అరవిందో వంటి సంస్థలు ఆఫ్రికాకు ఈ మందులు పంపువానిలో ముఖ్యమైనవగుట ఆ విద్యాఫలమే.

2003 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ తన దేశ ప్రతినిధుల యెదుట నొక మహాకార్యమును ప్రకటించెను. అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు ఎయిడ్సు నివారణకు వ్యయపఱుతు మనెను. ఆఫ్రికాలో సుమారు మూడుకోట్లమందిలో క్రిమి యుండగా కేవలము 50,000 మందికే మందు లభించుచున్నదనియు, మందుల వెల 12,000 డాలర్లనుండి 300 డాలర్లకు లోపలికి దిగినదనియు ఆయన చెప్పెను. ఆ వెల దిగుటకు మన దేశపు కర్మాగారములు ముఖ్యకారణమని వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ కార్యక్రమమునకు పెప్ఫార్ అని పేరు. అది రెండున్నర కోట్ల ప్రాణములను కాపాడినదని అమెరికా ప్రభుత్వము చెప్పుచు వచ్చినది. 2004లో లోకమున ఎయిడ్సువలన సుమారు 21 లక్షలమంది మరణింపగా, 2024లో ఆ సంఖ్య 6,30,000కు దిగినది. ఇంతటి పుణ్యకార్యమును తక్కువచేసి మాటాడుట కృతఘ్నత. పాలు పోసిన యిల్లాలిని నే నెన్నడును నిందింపను.

అయినను భగవద్గీత పదునేడవ యధ్యాయమున దానము మూడు తెఱగులుగా చెప్పబడినది. ప్రత్యుపకారము గోరక, దేశకాలపాత్రములెఱిగి యిచ్చునది సాత్త్వికము. ప్రతిఫలము గోరి గాని, మనసులో నొచ్చుకొనుచు గాని యిచ్చునది రాజసము. తగని చోట, తగని వేళ, అవమానించి యిచ్చునది తామసము. ఒక్క చెంబు పాలలోనే యీ మూడు గుణములును కలిసి యుండవచ్చును. విదేశముల యారోగ్య దానమును ఈ దృష్టితో పరీక్షించినచో ననేక విషయములు తెలియవచ్చును.

మొదట ధనము తిరిగిపోవు దారిని చూడుడు. పెప్ఫార్ మొదటి సంవత్సరములలో ఎక్కువగా హక్కుగల సంస్థల ఖరీదైన మందులనే కొనుచుండెను. చౌకమందులను కొనవలెనన్న వానిని అమెరికా ప్రభుత్వ శాఖ పరీక్షించి అంగీకరింపవలెను. 2004లో దానికై ప్రత్యేక పద్ధతి నేర్పఱచిన పిమ్మటనే ద్వారము తెఱువబడినది. 2005లో ఆ కార్యక్రమమున కొన్న మందులలో నూటికి సుమారు 15 మాత్రమే చౌకమందులు. 2008 నాటికి అవి నూటికి దాదాపు 90 అయినవి. ఈ మార్పువలన ఆ నాలుగేండ్లలో 30 కోట్ల డాలర్లకు పైగా మిగిలెనని లెక్కించిరి. అంతకు ముందు ఖరీదైన మందులపై పెట్టిన సొమ్ముతో నెందఱు తల్లులకు చికిత్స అందియుండెడిదో మీరే యూహింపుడు. బీదలకని తీసిన సొమ్ములో కొంత దాత యింటి వర్తకునికే చేరినది.

ఇక నిబంధనలు. 2003 నాటి అమెరికా చట్టము నివారణకై కేటాయించిన ధనములో మూడవవంతు వివాహమువఱకు బ్రహ్మచర్యము పాటింపుమను బోధకే వ్యయింపవలెనని శాసించెను. బ్రహ్మచర్యము మంచిదే. కాని ఆఫ్రికాలో క్రిమి సోకిన స్త్రీలలో పెక్కురు భర్తలవలన దానిని పొందిన పతివ్రతలు. వారికి ఆ బోధ యేమి రక్ష? 2008లో ఈ నిబంధనను సడలించిరి. మఱియొక నిబంధన యేమనగా, ధనము పుచ్చుకొను సంఘములు పడుపువృత్తిని తాము ఖండించుచున్నామని ప్రతిజ్ఞ చేయవలెను. బ్రెజిలు దేశము ఆ వృత్తిలోని స్త్రీలను అవమానింపక, వారినే తోడుగా గొని వ్యాధిని అరికట్టుచుండెను. వారిని నిందించుచు వారి సహకార మెట్లు పొందగలమని ఆ దేశము 2005లో 4 కోట్ల డాలర్లను వలదని త్రిప్పివేసినది. అది చేయగలుగుటకు కారణము, మందుల వ్యయమును బ్రెజిలు తన ఖజానానుండియే భరించుచుండుట. తన యింట పాడి యున్నవారే చెంబెడు పాలను వలదనగలరు.

స్త్రీలకు మఱింత సన్నిహితమైన నిబంధన యొకటి గలదు. 1984లో అధ్యక్షుడు రీగను, తమ ధనము పుచ్చుకొను విదేశ సంఘములు వేఱుచోటనుండి వచ్చిన సొమ్ముతోనైనను గర్భవిచ్ఛేదము చేయరాదు, దానికి సహాయపడరాదు, దానిని గూర్చి ప్రచారము సేయరాదని కట్టడి చేసెను. దానిని మెక్సికో నగర విధాన మందురు. 1993లో క్లింటను దానిని రద్దుచేసెను. 2001లో బుష్ మరల తెచ్చెను. 2009లో ఒబామా తొలగించెను. 2017లో ట్రంపు తిరిగి నిలిపి, దాదాపు ఆరోగ్య సహాయమంతటికిని వర్తింపజేసెను. 2021లో బైడెను తీసివేసెను. 2025 జనవరిలో ట్రంపు మరల తెచ్చెను. అమెరికాలో నెన్నిక జరిగినపుడెల్ల ఆఫ్రికాలోని ప్రసూతికేంద్రపు తలుపు తెఱచుటయో మూయుటయో జరుగుచున్నది. ఆ యెన్నికలో ఆ పల్లెటూరి తల్లికి ఓటు లేదు.

దీని ఫలమేమైనది? ఆఫ్రికాలోని 26 దేశముల సంగతులను 1995 మొదలు 2014 వఱకు పరిశీలించి కొందఱు పండితులు 2019లో ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధమైనది. అమెరికా ధనముపై ఎక్కువగా ఆధారపడిన దేశములలో ఈ విధానము అమలునందున్న కాలమున సంతాన నియమన సాధనముల వాడుక నూటికి 14 పాళ్లు తగ్గి, గర్భవిచ్ఛేదములు నూటికి 40 పాళ్లు పెరిగినవని వారు కనుగొనిరి. గర్భవిచ్ఛేదమును గూర్చి మీ యభిప్రాయమేమైనను, ఈ ఫలితమునకు వగవక తప్పదు. దేనిని తగ్గింపవలెనని నిబంధన పెట్టిరో అదియే పెరిగినది. కారణము సులభము. నిబంధన కొడంబడని సంఘములు ధనమును గోల్పోయినవి. వానితోబాటు అవి పంచు సాధనములును, వైద్యసలహాయును గ్రామములకు దూరమైనవి. కోరని గర్భములు కలిగి, దిక్కుతోచని స్త్రీలు ప్రమాదకరమైన మార్గములను త్రొక్కిరి.

దానము వంచనకు ముసుగైనచో నేమగునో చెప్పుటకు పాకిస్తాను వృత్తాంతము చాలును. 2011లో అబ్బొట్టాబాదు పట్టణమున ఒసామా బిన్ లాడెన్ జాడ తెలిసికొనుటకు అమెరికా గూఢచారి శాఖ, ఒక స్థానిక వైద్యునిచే కామెర్ల నివారణ టీకాలు వేయించుచున్నట్లు నటింపజేసెను. రహస్యము బయటపడినది. 2012లో తాలిబానులు ఉత్తర వజీరిస్తానులో పోలియో చుక్కలను నిషేధించిరి. ఆ సంవత్సరాంతము మొదలు చుక్కలు వేయుటకు ఇల్లిల్లు తిరుగు పనివారిని కాల్చి చంపుట సాగెను. హతులైనవారిలో కొద్ది జీతమునకు పనిచేయు స్త్రీలు పెక్కురు. ఇకముందు టీకాల కార్యక్రమములను గూఢచర్యమునకు వాడబోమని 2014లో అమెరికా ప్రభుత్వము తెలిపినది. తల్లి మనసున ఒకమాఱు నాటిన యనుమానమును ప్రభుత్వపు లేఖ తుడిచివేయగలదా? పోలియో నేటికిని ఆ దేశమును పూర్తిగా విడువలేదు.

ఇప్పుడు 2025 నాటి సంగతికి వచ్చెదను. ఆ జనవరి 20న పదవి స్వీకరించిన దినముననే అధ్యక్షుడు ట్రంపు విదేశ సహాయమును 90 దినములు నిలుపుడని ఆజ్ఞాపించెను. కొలదిదినములలోనే పనులన్నియు ఆపవలసినదని ఉత్తరువులు వెడలినవి. ఆఫ్రికాలో ననేక చికిత్సాకేంద్రములు తలుపులు మూసికొనినవి. ప్రాణరక్షక ఔషధములకు మినహాయింపు నిచ్చితిమని పిమ్మట ప్రకటించిరి గాని, ధనము చెల్లించువారే పనిలో లేనందున మినహాయింపు చాలచోట్ల కాగితముననే నిలిచినది. మార్చి నెలలో, యు.ఎస్.ఎయిడ్ అను సహాయశాఖ నడపు కార్యక్రమములలో నూటికి 83 రద్దయినవని ప్రకటించిరి. 1961లో స్థాపింపబడిన ఆ శాఖ 2025 జూలై 1న ముగిసి, మిగిలిన పనులు విదేశాంగశాఖలో కలిసినవి. బ్రిటను కూడ సైన్యవ్యయమునకై తన విదేశ సహాయమును జాతీయాదాయములో నూటికి 0.5 నుండి 2027 నాటికి 0.3కు తగ్గించెదనని ఆ ఫిబ్రవరిలోనే తెలిపినది.

అరణ్యవాసమున సూర్యుడు ధర్మరాజున కిచ్చిన యక్షయపాత్ర కథ మీకు తెలిసినదే. ఎంతమందికైనను అన్నము పెట్టగల ఆ పాత్రకును నొక నిబంధన గలదు. ద్రౌపది భుజించినచో ఆనాటికి దాని మహిమ సరి. ఆమె భుజించిన పిమ్మట దుర్వాసుడు శిష్యసమేతముగ వచ్చి నిలువగా ఆ యిల్లాలి గుండె యెట్లు తల్లడిల్లెనో మనము పురాణశ్రవణమున వినుచుందుము. మందుల కేంద్రము ముందు తాళము చూచి వెనుదిరిగిన యాఫ్రికా తల్లి గుండెయు నట్లే తల్లడిల్లియుండును. ఆమెకు పిలిచిన పలుకు శ్రీకృష్ణుడు లేడు. రోగము మాత్రము 90 దినములు ఆగదు.

అయితే అన్నిదేశముల గతియు నొక్కటి కాలేదు. మనము నేర్వవలసినది యిక్కడనే యున్నది. లోకములో హెచ్.ఐ.వి. రోగు లందఱికంటె ఎక్కువగా నున్న దేశము దక్షిణాఫ్రికా. ఒకప్పుడు అచ్చటి ప్రభుత్వమే ఈ మందులను నమ్మక నిరాకరించినది. గర్భిణులకు మందు ఈయవలెనని అచ్చటి ప్రజాసంఘము న్యాయస్థానమున పోరాడి 2002లో గెలిచినది. తరువాత ఆ దేశము మందులను చాలవఱకు తన సొమ్ముతోనే కొనుట యలవఱచుకొనెను. ఎయిడ్సు కార్యక్రమపు వ్యయములో అమెరికా భాగము నూటికి సుమారు 17 మాత్రమే యుండెను. అందువలన 2025లో వేలమంది ఆరోగ్యసేవకులు పనులు గోల్పోయి గొప్ప నష్టము కలిగినను, ప్రభుత్వాసుపత్రులలో మాత్రలు మాత్రము నిలువలేదు.

మన సంగతియు చెప్పవలెను. 1992లో మన ఎయిడ్సు నియంత్రణ కార్యక్రమము ప్రపంచబ్యాంకు అప్పుతో నారంభమైనది. 2003లో బిల్ గేట్సు దంపతుల ధర్మసంస్థ ఆవాహన్ అను పేర ఆరు రాష్ట్రములలో నివారణకార్యము నారంభించెను. అందు నాటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ మొకటి. అప్పుడు ఈ వ్యాధి మన జిల్లాలలో మిక్కిలి వ్యాపించియుండెను. కొన్నియేండ్లు నడపిన పిమ్మట ఆ సంస్థ తన కేంద్రములను క్రమముగ మన ప్రభుత్వమునకు అప్పగించినది. 2004 ఏప్రిలు 1నుండి ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ మందు లిచ్చుట మొదలైనది. 2021 మొదలు 2026 మార్చి వఱకు నడచిన ఘట్టమునకు కేటాయించిన 15,471 కోట్ల రూపాయలును భారత ప్రభుత్వమువే. అప్పుగ వచ్చిన పాలతో మొదలిడి, పాడి సమకూర్చుకొన్న రీతి యిది. లోపములు లేవని నే ననను. కాని దూరదేశపు ఎన్నికలవలన మన తల్లుల మాత్రలు నిలిచిపోవు భయము నేడు లేదు.

న్యాయము చెప్పవలెనన్న తప్పు దాతలదే కాదు. 2001 ఏప్రిలులో ఆఫ్రికా దేశాధిపతులు నైజీరియాలోని అబుజా నగరమున కూడి, తమ ప్రభుత్వ వ్యయములో నూటికి 15 పాళ్లు ఆరోగ్యమునకు కేటాయింతుమని మాట యిచ్చిరి. దానిని నిలుపుకొన్న దేశములు బహుకొద్ది. ఎదురింటినుండి పాలు వచ్చుచున్నవిగదా యని తన యింటి సొమ్మును వేఱుపనుల కూడ్చిన యజమానిని ఏమందుము? 2025 మేలో జాంబియాలోని అమెరికా రాయబారి, దానముగ నిచ్చిన మందులు దొంగిలింపబడి అంగళ్లలో అమ్ముడగుచున్నందున ఏటికి 5 కోట్ల డాలర్ల మందుల సాయమును ఆపుచున్నామని ప్రకటించెను. రోగి నోటికందవలసిన మందును దొంగిలించినవాడు పరాయివాడు కాడు, ఆ దేశపువాడే. దొంగతన మొకరిది, శిక్ష మఱియొక తల్లిది.

మనమును దాతలమైతిమి సుమా! 2021 జనవరిలో మన దేశము కరోనా టీకాలను పొరుగుదేశములకు స్నేహకానుకగా పంపినది. మన మందఱము గర్వించితిమి. మార్చి, ఏప్రిలు మాసములలో వ్యాధి మనపై విరుచుకుపడగా ఎగుమతులు నిలిచినవి. నేపాళమున మొదటి టీకా వేయించుకొన్న వృద్ధులు రెండవదానికై నెలల తరబడి ఎదురు చూచిరి. మన టీకాలపై నాశలు పెట్టుకొన్న ఆఫ్రికా దేశములును నిరాశ జెందినవి. మనయింట పీనుగులు లేచుచుండగా ఆపితిమి. అందులో దురుద్దేశము లేదు. అయినను పాలు నిలిచిన శిశువునకు కారణముతో నేమి పని? కోపమువలన నిలిచినను, కష్టమువలన నిలిచినను ఆకలి యొక్కటే. "రేపు నాకు మాత్రము కోపము రాదా?" యన్న మా అమ్మమ్మ మాట అప్పుడు మనదేశమునకును వర్తించినది.

దెబ్బతిన్న దేశములు కొన్ని మేల్కొనుచున్నవి. 2025 ఫిబ్రవరిలో నైజీరియా శాసనసభ తన యారోగ్య వ్యయమునకు మఱి 20 కోట్ల డాలర్లను చేర్చినది. అమెరికాయు క్రొత్త పద్ధతి నవలంబించి, ఒక్కొక్క దేశముతో వేఱువేఱుగ నొడంబడికలు చేసికొనుచున్నది. 2025 డిసెంబరులో కెన్యాతో జరిగిన యొప్పందము ప్రకారము అమెరికా అయిదేండ్లలో 160 కోట్ల డాలర్లు ఈయగా, కెన్యా తన వంతు వ్యయమును పెంచుకొనవలెను. స్వయంపోషణకు దారితీయు పద్ధతి మంచిదే. కాని అందులో రోగుల వివరములు పరదేశమునకు చేరు వీలున్నదని కొందఱు వ్యాజ్యము వేయగా, అచ్చటి హైకోర్టు ఆ భాగమును ఆ నెలలోనే తాత్కాలికముగ నిలిపినది. పాలకు బదులు ఇంటి గుట్టు నడుగు దాతయెడల జాగ్రత్త వహింపక తప్పదు.

మఱియొక శుభవార్త. ఏటికి రెండు సూదులతో ఈ క్రిమి సోకకుండ కాపాడు లెనకాపవిర్ అను మందు వచ్చినది. అమెరికాలో దాని వెల ఏటికి 28,000 డాలర్లకు పైబడినది. మన హైదరాబాదులోని హెటెరో, డాక్టర్ రెడ్డీస్ సంస్థలు దానిని 2027 నుండి 120 దేశములకు ఏటికి 40 డాలర్లకే యిచ్చునట్లు 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడినది. దీనికి విదేశ ధర్మసంస్థల తోడ్పాటు కలదు. బీదదేశము తన సొమ్ముతోనే కొనగల వెలకు మందును దింపుటకై వ్యయపఱచిన ధనము, పాలు పోయుటకంటె పాడి నిచ్చుటకు దగ్గఱ.

సోదరీమణులారా, ఇందు మనము చేయదగిన దేమి? మొదటిది, గర్భము ధరించిన ప్రతి స్త్రీయు ప్రభుత్వాసుపత్రిలో ఉచితముగ జరుగు హెచ్.ఐ.వి. పరీక్షను సిగ్గుపడక చేయించుకొనవలెను. వ్యాధిగ్రస్తురాలిని వెలివేయరాదు, 2017 నాటి చట్టము కూడ అట్టి వివక్షను నిషేధించినది. రెండవది, మన యారోగ్యమునకు ప్రభుత్వము పెట్టు వ్యయమును గూర్చి మన మగవారితో సమానముగ తెలిసికొని, ఓట్లు అడుగవచ్చినవారిని ప్రశ్నింపవలెను. మూడవది, మనము చేయు చిన్న దానములలోనైనను పుచ్చుకొనువారు రేపు మన యవసరము లేక నిలువగలరా యని యోచింపవలెను.

నేటి కీ వ్యాధిక్రిమితో జీవించువారు లోకమున నాలుగు కోట్లకు పైబడి యున్నారు. 2024లో చికిత్స పొందుచున్నవారు మూడు కోట్ల పదునాఱు లక్షలు. వారందఱును రేపటి యుదయమున మరల మాత్ర వేసికొనవలసినవారే. ఆ పేదరాలి కుమారుడు పెరిగి పెద్దవాడై, ఇప్పు డిద్దఱు బిడ్డల తండ్రి. బఱ్ఱె వెల ఆ తల్లి మూడేండ్లలో తీర్చినది. చివరి రూపాయి తెచ్చియిచ్చిన దినమున మా అమ్మమ్మ ఆమెకు బొట్టు పెట్టలేని నాటి యాచారమునకు నొచ్చుకొని, రవికెగుడ్డ మాత్రము చేత బెట్టినది. ఆమె దానిని కన్నుల కద్దుకొని, తల యెత్తుకొని నడచిపోయినది.